నిద్రలో తిమ్మిరెక్కే చేయి

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామము లక్కబొమ్మలకు ప్రసిద్ధి. ఆ బొమ్మలు కొయ్యతో చేసినవే అయినా చెక్కినవి కావు, తరిమెన పట్టినవి. మెత్తని అంకుడు కర్రను తరిమెనకు బిగించి త్రిప్పుతూ ఉంటే పనివాడు ఉలిని అదిమిపట్టి దానికి రూపము దిద్దుతాడు. తరువాత తిరుగుతున్న కొయ్యకే రంగు కలిపిన లక్కను ఆనిస్తాడు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యను అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుగు వస్తుంది. పూర్వము తరిమెనను త్రాటితో త్రిప్పడానికి వేరొక మనిషి కావలసి వచ్చేది. విద్యుచ్ఛక్తి వచ్చిన తరువాత ఆ పని మోటారు చేస్తున్నది. కాని ఉలి పట్టే పనికి నేటికీ చేయి తప్ప వేరు సాధనము లేదు. ఆడపిల్లలు ఆడుకొనే లక్కపిడతల జత ఒకటి తయారు కావలెనన్నా, వ్రేళ్ళు గట్టిగా ముడుచుకొని, మణికట్టు ఒకే వంపులో నిలిచి, కొయ్య అదురును భరిస్తూ చాలాసేపు పనిచేయవలెను.

ఇట్టి పనులు చేసే చేతులకు వచ్చే ఒక బాధ ఉన్నది. తరిమెన పట్టేవారికే కాదు; బట్టలు పిండే ఇల్లాండ్రకు, రంపము కోసేవారికి, ఏ బరువుపనీ చేయనివారికి కూడ అది రావచ్చును. పగలంతా చేయి బాగానే ఉంటుంది. అర్ధరాత్రి దాటిన తరువాత మెలకువ వస్తుంది. వ్రేళ్ళు సూదులతో గ్రుచ్చినట్లు, చీమలు ప్రాకినట్లు, ఉబ్బి మొద్దుబారినట్లు ఉంటవి. ఒక్కొక్కప్పుడు పోటు మోచేతి దాకా, భుజము దాకా ప్రాకుతుంది. మనిషి లేచి కూర్చుండి చేతిని విదిలిస్తాడు, లేదా మంచము ప్రక్కకు వ్రేలాడవేస్తాడు. కొంతసేపటికి తగ్గుతుంది. మళ్ళీ నిద్రపోతే మళ్ళీ వస్తుంది. నెలలు, ఏండ్లు ఇట్లు గడచిన తరువాత చేతిలోని చెంబు జారిపోతుంది. బొత్తాము పెట్టుకొనడము కష్టమవుతుంది. బొటనవ్రేలి మొదట ఉండే కండ పల్లమవుతుంది.

దీనికి మన ఇళ్ళలో పేర్లకు కొదువ లేదు. ‘వాతము’ అంటారు, ‘నరాల బలహీనత’ అంటారు, ‘చేయి క్రింద పెట్టుకొని పడుకున్నావు’ అంటారు. మన ప్రాచీన వైద్యులు కూడ చేతి బాధలను గమనించకపోలేదు. భుజము నుండి వ్రేళ్ళ వరకు ప్రాకి చేతి శక్తిని హరించే వ్యాధిని సుశ్రుత సంహిత ‘విశ్వాచి’ అనే పేరుతో వాతరోగములలో చేర్చినది. అయితే ఈ రాత్రి తిమ్మిరికి కారణము శరీరములో సరిగా ఏ చోట ఉన్నదో తెలుసుకొనడానికి ఆధునిక వైద్యమునకు కూడ సుమారు వంద సంవత్సరములు పట్టినది. ఆలస్యమునకు కారణము పరికరములు లేకపోవడము మాత్రమే కాదు. ఒకే వ్యాధిని ఇద్దరు వైద్యులు రెండు దశలలో చూచి రెండు వ్యాధులనుకొన్నారు. ఆ కథ చెప్పడమే ఈ వ్యాసము ఉద్దేశము.

పనివాండ్ర చేతులను శ్రద్ధగా చూచిన తొలి వైద్యులలో ఇటలీ దేశస్థుడైన బెర్నార్డినో రామజ్జీని ముఖ్యుడు. వృత్తుల వలన కలిగే వ్యాధులపై ఆయన 1700లో ఒక గ్రంథము ప్రకటించినాడు. రోగిని చూచినప్పుడు ‘నీవు ఏ పని చేస్తావు’ అని కూడ అడుగవలెనని వైద్యులకు చెప్పినవాడు ఆయనే. 1713లో వచ్చిన రెండవ కూర్పులో లేఖకులను గూర్చి ఒక అధ్యాయము చేర్చినాడు. అందులో ఒక లేఖకుని వృత్తాంతము ఉన్నది. ఎడతెగక వ్రాయడముచేత అతని కుడిచేయి మొదట అలసి, చివరకు చచ్చుపడినది. పట్టుదల గల మనిషి కనుక ఎడమచేతితో వ్రాయడము నేర్చుకొన్నాడు. కొంతకాలమునకు దానికీ అదే గతి పట్టినది.

కుమ్మరుల చేతులను గూర్చి కూడ రామజ్జీని వ్రాసినాడు. మట్టిపాత్రలకు నిగనిగ తెచ్చే పూతకు ఆ కాలమున సీసము వాడేవారు. దాని వలన వారికి మొదట చేతులు వణికి, తరువాత పడిపోయేవి. రంగులు వేసేవారికి, సీసపు గనులలో పనిచేసేవారికి కూడ ఇదే జరిగేది. ఫ్రెంచి వైద్యుడు తాంక్రెల్ దె ప్లాంష్ 1839లో సీసపు రోగములపై ప్రకటించిన పెద్ద గ్రంథములో ఈ పక్షవాతమును వివరించినాడు. అందులో మణికట్టు పైకి లేవదు; చేయి చాచితే పంజా వ్రేలాడిపోతుంది. ముంజేతి వెనుకవైపు కండరములకు ఆజ్ఞలు తెచ్చే రేడియల్ నరము దెబ్బతినడమే దీనికి కారణము.

సీసము మాట ఏటికొప్పాకకు దూరమైనది కాదు. ఒకప్పుడు ఈ బొమ్మలకు చెట్ల నుండి తీసిన రంగులే వాడేవారు. తరువాత బజారులో చౌకగా దొరికే రసాయనపు రంగులు వచ్చినవి. అట్టి రంగులలో కొన్నిటికి సీసమే ఆధారము. ‘క్రోమ్ యెల్లో’ అనే పసుపు రంగు సీసపు క్రోమేటు తప్ప వేరు కాదు. పిల్లవాడు బొమ్మను నోట పెట్టుకుంటాడు. రంగు కలిపేవాడు దాని పొడిని పీలుస్తాడు. ఆ గ్రామమునకే చెందిన చింతలపాటి వెంకటపతిరాజు గారు రసాయనపు రంగులను విడిచి పసుపు, నీలి, జాఫ్రా వంటి వాటితో లక్కకు రంగు పట్టించే పద్ధతులను కృషిచేసి వృద్ధిచేసినారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. ఈ పనిని సాధారణముగా కళాసేవగా పొగడుతారు. నా దృష్టిలో ఇది అంతకు తక్కువ కాని ఆరోగ్యసేవ.

సీసపు పక్షవాతములో గమనించదగిన విషయము ఒకటి ఉన్నది. అందులో బలము పోతుంది గాని తిమ్మిరి అంతగా ఉండదు. రాత్రి నిద్ర లేపదు. చేయి విదిలిస్తే తగ్గదు. కాబట్టి రాత్రి తిమ్మిరికి కారణమును వేరొక చోట వెదకవలెను. ఆ చోటు ఏదో తెలుసుకొనేముందు మణికట్టు నిర్మాణమును కొంచెము చూద్దాము. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో విద్యార్థుల చేతులమీదనే చూపవచ్చును.

అరచేయి పైకి పెట్టి వ్రేళ్ళను ముడుస్తూ తెరుస్తూ ఉండండి. మణికట్టుకు పైన ముంజేతిలో త్రాళ్ళవంటివి కదలడము కనబడుతుంది. ఇవి కండరములను వ్రేళ్ళ ఎముకలకు కలిపే బంధనములు. వ్రేళ్ళను ముడిచే కండరములు అరచేతిలో కాక ముంజేతిలో ఉన్నవి. అందుచేత ఈ త్రాళ్ళు మణికట్టును దాటి పోవలెను. మణికట్టులో 8 చిన్న ఎముకలు విల్లువలె అమరి ఉన్నవి. ఆ వింటికి నారి కట్టినట్లు అరచేతి వైపున ఒక గట్టి పట్టీ అడ్డముగా ఉన్నది. ఎముకలకు పట్టీకి మధ్యనున్న ఇరుకైన దారియే మణికట్టు సొరంగము. వైద్యులు దానిని ‘కార్పల్ టన్నెల్’ అంటారు. ఆ దారిలో 9 బంధనములు, వాటితోపాటు ఒక నరము పోతవి. దాని పేరు మీడియన్ నరము. మనము నడిమి నరము అందాము. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము, వీటి స్పర్శ దీని వశము. బొటనవ్రేలిని ఇతర వ్రేళ్ళకు ఎదురుగా తెచ్చే కండలకు కూడ ఇదే ఆజ్ఞ తెస్తుంది. చిటికెనవ్రేలికి మాత్రము దీనితో సంబంధము లేదు. దానికి వేరే నరము, వేరే దారి ఉన్నవి.

సొరంగపు గోడలు సాగవు. లోపలి త్రాళ్ళ పొరలు ఏ కారణముచేతనైనా ఉబ్బితే, నలిగేది వాటన్నిటికంటె మెత్తనైన నరమే.

నరము ఈ చోట నలుగవచ్చునని మొదట వ్రాసినవాడు ఇంగ్లండు శస్త్రవైద్యుడు జేమ్స్ పాజెట్. 1853లో అచ్చయిన ఆయన ఉపన్యాసములలో లండన్ గైస్ ఆసుపత్రిలోని ఒక రోగి ప్రస్తావన ఉన్నది. అతనికి మణికట్టు దగ్గర ఎముక విరిగి, అతుకుకొన్న చోట కొత్త ఎముక మితిమీరి పెరిగి నరమును నొక్కినది. బొటనవ్రేలికి, ప్రక్క రెండు వ్రేళ్ళకు పుండ్లు పడినవి. ఏ మందుకూ మానలేదు. నరముపై ఒత్తిడి తగ్గే విధముగా మణికట్టును వంచి కట్టినప్పుడు మానినవి. కట్టు విప్పి పని చేయగానే తిరిగి వచ్చినవి. ఇంతకంటె స్పష్టమైన ప్రయోగము ఉండబోదు. కాని ఎముక విరిగినవాని కథగానే దానిని అందరూ చదివినారు. ఏ దెబ్బా తగలకుండా రాత్రి తిమ్మిరితో లేచే వారికి దానిని ఎవరూ అన్వయించలేదు.

ఆ రాత్రి బాధితుల సంగతి వ్రాసినవాడు అమెరికాలో బోస్టన్ నగర వైద్యుడు జేమ్స్ జాక్సన్ పట్నమ్. 1880లో ఆయన 37 మంది రోగులను గూర్చి ఒక వ్యాసము ప్రకటించినాడు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. తిమ్మిరి రాత్రి గాని తెల్లవారుజామున గాని రావడము, చేయి వ్రేలాడవేస్తే లేదా రుద్దితే తగ్గడము ఆయన చక్కగా గమనించినాడు. ఆ వర్ణనకు నేటికీ చేర్చవలసినది చాల తక్కువ. కారణము చెప్పడములో మాత్రము ఆయన దారి తప్పినాడు. వచ్చి పోయే బాధ కనుక రక్తనాళములు ముడుచుకొనడము వలన వస్తున్నదేమో అని ఊహించినాడు. 1893లో జర్మనీ దేశపు షుల్ట్జె దీనికి ‘ఆక్రోపరస్థీషియా’ అని పేరు పెట్టినాడు. కాలుసేతుల చివరల తిమ్మిరి అని దాని అర్థము. పేరు గంభీరముగా ఉన్నది గాని, రోగి చెప్పినదానినే గ్రీకు భాషలో తిరిగి చెప్పినది!

ఇంకొక వైపున వేరే వైద్యులు బొటనవ్రేలి కండ కరిగిపోయినవారిని చూస్తున్నారు. న్యూయార్కులో రామ్సే హంట్ 1909 మొదలు కొన్ని ఏండ్లపాటు ఇట్టి వారిని గూర్చి వ్రాసినాడు. చేతిపని వలన, ఆ కండకు పోయే చిన్న కొమ్మ నరము మాత్రమే నలిగి ఈ వ్యాధి వస్తున్నదని ఆయన అభిప్రాయము. ఈ విధముగా తిమ్మిరి ఒక వ్యాధి అయినది, కండ కరగడము మరొక వ్యాధి అయినది. మొదటిదానికి రక్తనాళములు కారణమన్నారు, రెండవదానికి వృత్తి. తిమ్మిరితో వచ్చిన రోగిని పది సంవత్సరముల తరువాత మరల చూచి ఉంటే ఈ రెండూ ఒకే నరము చెప్పే కథలోని మొదటి, చివరి భాగములని తెలిసేది.

ఆ తెర తొలగించగలిగిన సంఘటన 1913లో పారిస్‌లో జరిగినది. పియరీ మారీ, షార్ల్ ఫువా అనే వైద్యులు రెండు చేతులలోను బొటనవ్రేలి కండలు కరిగిపోయిన ఒక వృద్ధురాలి శవమును పరీక్షించినారు. నడిమి నరము మణికట్టు పట్టీకి పైభాగమున ముడివలె ఉబ్బి, పట్టీ క్రింద సన్నబడి ఉన్నది. వ్యాధిని తొందరగా గుర్తించి ఆ పట్టీని కోసివేస్తే చచ్చుపడకుండా ఆపవచ్చునేమో అని వారు వ్రాసినారు. ఒక్క వాక్యములో చికిత్స అంతా చెప్పినారు! అయినా ముప్పది సంవత్సరములకు పైగా ఆ వాక్యము గ్రంథాలయములలో నిద్రపోయినది.

ఎందుకు? ఎక్స్‌రేలు వచ్చిన తరువాత కొందరికి మెడ దగ్గర ఒక అదనపు ప్రక్కటెముక ఉండడము కనబడినది. చేతికి పోయే నరములన్నీ మెడనుండే బయలుదేరుతవి కనుక, చేతి తిమ్మిరికి, కండ కరగడమునకు ఆ ఎముకే కారణమని శస్త్రవైద్యులు విశ్వసించినారు. ఎముక లేనివారిలో మొదటి ప్రక్కటెముకను గాని మెడలోని కండరమును గాని నిందించినారు. రెండు మూడు దశాబ్దములపాటు మెడకు ఎన్నో శస్త్రచికిత్సలు జరిగినవి. కొందరికి తగ్గినట్లు కూడ కనిపించినది. ఆసుపత్రిలో వారాల తరబడి చేతికి విశ్రాంతి దొరికితే మణికట్టు వాపు తగ్గడములో ఆశ్చర్యమేమున్నది? తప్పు సిద్ధాంతమునకు ఇటువంటి పాక్షిక విజయములే ఎక్కువ ఆయుష్షు పోస్తవి.

మధ్యలో అక్కడక్కడ మణికట్టు పట్టీని కోసినవారు లేకపోలేదు. 1933లో లెర్మంత్ అనే వైద్యుడు అట్టి చికిత్సను వర్ణించినాడు. కాని వైద్యలోకపు దృష్టిని మెడ నుండి మణికట్టుకు మరల్చినది 1947లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసము. లండన్ వైద్యుడు రస్సెల్ బ్రెయిన్, ఆయన సహచరులు రైట్, విల్కిన్సన్ ఆరుగురు స్త్రీలకు పట్టీని కోసి నరమునకు చోటు కల్పించిన ఫలితములను అందులో ప్రకటించినారు. ఏ దెబ్బా తగలనివారిలో కూడ నరము సొరంగములో నలుగునని దానితో స్థిరపడినది. 1953లో క్రెమర్, గిలియట్ మొదలగువారు రాత్రి తిమ్మిరిని నేరుగా ఈ సొరంగముతో ముడిపెట్టినారు. పట్నమ్ రోగులకు 73 సంవత్సరముల తరువాత సమాధానము దొరికినది!

తరువాత కథ వేగముగా నడచినది. అమెరికాలో క్లీవ్‌లండ్ క్లినిక్ వైద్యుడు జార్జి ఫేలన్ 1950 నుండి ఈ వ్యాధిని సాధారణ వైద్యులందరికీ పరిచయము చేసినాడు. 1966లో 654 చేతులను పరీక్షించిన అనుభవమును ప్రకటించినాడు. ఆయన పేరుతో ఉన్న పరీక్షకు యంత్రము అక్కరలేదు. మణికట్లను పూర్తిగా వంచి ఒక నిమిషము అట్లే ఉంచవలెను. వ్యాధి ఉన్నవారికి సాధారణముగా ఆ నిమిషము లోపలే బొటనవ్రేలి వైపు వ్రేళ్ళు తిమ్మిరెక్కుతవి. 1956లో సింప్సన్ విద్యుత్తుతో నరమును ప్రేరేపించి, మణికట్టు దగ్గర సందేశము ఆలస్యమవుతున్నదని చూపినాడు. అంతవరకు రోగి మాట మీద ఆధారపడిన విషయము అప్పుడు కొలతకు లొంగినది.

ఇక రాత్రివేళనే ఎందుకు? విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న ఇది. 1981లో గెల్బర్‌మన్, ఆయన సహచరులు సన్నని గొట్టమును సొరంగములోనికి పంపి లోపలి ఒత్తిడిని కొలిచినారు. ఆరోగ్యవంతులలో మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు అది సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసము, వ్యాధిగ్రస్తులలో 32. మణికట్టును పూర్తిగా వంచితే ఆరోగ్యవంతులలో 31, వ్యాధిగ్రస్తులలో 94. ఒత్తిడి సుమారు 30కి చేరితేనే నరమునకు పోషణ ఇచ్చే సూక్ష్మ రక్తనాళములలో ప్రవాహము మందగిస్తుంది. నిద్రలో మనకు తెలియకుండానే చేతులు ముడుచుకొని మణికట్టు వంగుతుంది. పడుకొన్నప్పుడు కాళ్ళలో చేరిన నీరు శరీరమంతటా సర్దుకుంటుంది. పగటివేళ కండరములు కదులుతూ ద్రవమును తోసివేసే పని కూడ రాత్రి ఆగిపోతుంది. ఈ మూడు కలిసి నరమునకు ఊపిరి సలపనీయవు. చేతిని విదిలించడములో రోగులు తరతరాలుగా చేస్తున్నది ఆ ఒత్తిడిని తగ్గించడమే. పట్నమ్ రక్తప్రసారమును అనుమానించడములో పూర్తిగా పొరబడలేదని కూడ దీనివలన తెలుస్తుంది. అది తగ్గినది వ్రేళ్ళలో కాదు, నరములో.

అయితే మణికట్టు సిద్ధాంతము గెలిచినది కదా అని ప్రతి తిమ్మిరినీ దానికే అంటగట్టడము మరొక పొరపాటు. మెడ కారణమయ్యే సందర్భములు నిజముగానే ఉన్నవి. అందుకు మన తెలుగు దేశమే సాక్ష్యము. నాటి మద్రాసు రాజధానిలో, నెల్లూరు జిల్లా గ్రామములలో త్రాగునీటి ఫ్లోరైడు వలన ఎముకలు గట్టిపడి బిగుసుకుపోయే వ్యాధిని షార్ట్, ఆయన తోటివారు 1937లో వర్ణించినారు. నల్లగొండ జిల్లాలోని ఇదే వ్యాధిని గూర్చి సిద్దిఖీ 1955లో వ్రాసినాడు. అందులో వెన్నుపూసల ఎముక పెరిగి లోపలి వెన్నుపామును నొక్కుతుంది. చేతులలో తిమ్మిరి, బలహీనత వస్తవి. కాని వాటితోపాటు కాళ్ళు కూడ కొయ్యబారుతవి, మెడ త్రిప్పలేరు. దీనికి మణికట్టు పట్టీ కోసి ప్రయోజనము లేదు. వయస్సుతో మెడపూసలు అరిగినా ఒక ప్రక్క చేతికి ఇటువంటి బాధ రావచ్చును. అప్పుడు నొప్పి మెడ నుండి దిగుతుంది, మెడ కదిలిస్తే మారుతుంది.

చిటికెనవ్రేలు, దాని ప్రక్క వ్రేలు మాత్రమే తిమ్మిరెక్కితే మోచేతి లోపలి వైపున పోయే అల్నార్ నరమును అనుమానించవలెను. మోచేయి గోడకు తగిలినప్పుడు ‘కరెంటు కొట్టినట్లు’ జివ్వుమనేది అదే. కుష్ఠువ్యాధి కూడ తరచుగా ఈ నరమునే పట్టుకుంటుంది. అందులో తిమ్మిరి కంటె స్పర్శ లేకపోవడము ముఖ్యము. చర్మముపై పాలిన మచ్చ, కాలినా తెలియని వ్రేలు దాని గుర్తులు. ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొన్నాడు. అట్లు వంకరపోయిన చేతులకు కండర బంధనములను మార్చి కుట్టి మళ్ళీ పనిచేయించే శస్త్రచికిత్సను వెల్లూరులో పాల్ బ్రాండ్ 1940లలో ప్రారంభించినాడు. నేడు కుష్ఠు మందులతో నయమవుతుంది. నరము చెడకముందే మందు మొదలుపెట్టడము అవసరము.

రెండు చేతులతోపాటు అరికాళ్ళు కూడ మండి మొద్దుబారితే మధుమేహమును, బి12 విటమిను లోపమును పరీక్షించవలెను. మణికట్టు సొరంగమును ఇరుకుచేసే కారణములలో కూడ మధుమేహము, థైరాయిడ్ మాంద్యము, కీళ్ళవాతము, గర్భధారణ ఉన్నవి. గర్భిణులకు వచ్చినది ప్రసవము తరువాత చాలవరకు తానే తగ్గుతుంది. ఉన్నట్టుండి ఒక ప్రక్క చేయి, ముఖము, మాట పడిపోతే అది ఈ కోవకు చెందినది కాదు. అది మెదడుకు సంబంధించిన ప్రమాదము, ఒక గంట కూడ ఆలస్యము చేయరాదు.

మణికట్టు వ్యాధి అని తేలిన తరువాత మొదటి చికిత్స చాల చిన్నది. రాత్రి పడుకొనేముందు మణికట్టు వంగకుండా తిన్నగా ఉంచే బద్దకట్టు కట్టుకొనడము. పగటి పనిలో మధ్య మధ్య చేతికి విరామమిచ్చి, ఉలి పిడి వంటివి మరీ సన్నగా ఉంటే గుడ్డ చుట్టి లావు చేసుకొంటే పిడికిలి బిగువు తగ్గుతుంది. కొందరికి సొరంగములోనికి స్టిరాయిడ్ సూదిమందు ఇస్తారు. వీటితో తగ్గకపోయినా, బలము తగ్గుతున్నా పట్టీని కోస్తారు. మారీ, ఫువా 1913లో సూచించిన పని అదే. నేడు చేతికి మాత్రము మత్తు ఇచ్చి చేస్తారు, రోగి సాధారణముగా ఆనాడే ఇంటికి వెళ్ళవచ్చును. రాత్రి తిమ్మిరి చాలమందికి కొద్ది దినములలోనే పోతుంది. బొటనవ్రేలి కండ మాత్రము అంత సులభముగా తిరిగి రాదు. ఏండ్ల తరబడి కరిగినది ఒక్కొక్కప్పుడు అసలే రాదు. రామ్సే హంట్ చూచిన చేతులు అట్టివే. పట్నమ్ దగ్గరకు వచ్చిన చేతులకు ఇంకా వ్యవధి ఉన్నది.